జ్ఞానదంతం: పేరు, పుట్టుక, ప్రమాణం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మనిషి నోటిలో అన్నింటికన్నా ఆలస్యంగా, సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య మొలిచే మూడవ చర్వణకాన్ని జ్ఞానదంతం అంటున్నాం. ఇది ఎందుకు మొలుస్తుంది, మొలిచేటప్పుడు ఎందుకు బాధిస్తుంది, కొందరిలో అసలు ఎందుకు మొలవదు అనే ప్రశ్నలకు ప్రాచీన గ్రీకు, భారతీయ వైద్యుల నుంచి నేటి పరిణామ శాస్త్రజ్ఞుల వరకు అనేకులు సమాధానాలు వెతికారు. ఆ సమాధానాల చరిత్రను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. "నాగరికత పెరిగినకొద్దీ జ్ఞానదంతం క్షీణిస్తున్నది" అనే పందొమ్మిదవ శతాబ్దపు భావన శిలాజ సాక్ష్యం ముందు ఎంతవరకు నిలుస్తుందో, ఆ దంతాన్ని వయోనిర్ణయానికి ప్రమాణంగా వాడుతున్న నేటి న్యాయవ్యవస్థకు ఈ చరిత్ర ఏమి చెబుతుందో ఇందులో చర్చించబడింది.

కీలకపదాలు: జ్ఞానదంతం, మూడవ చర్వణకం, అధిమాంసకం, పరిణామవాదం, దవడ పెరుగుదల, వయోనిర్ణయం.

1. ప్రవేశిక

వయోజనుడైన మనిషికి ముప్పైరెండు పళ్లు ఉంటాయని పాఠశాలలోనే నేర్చుకుంటాం. ప్రతి దవడ అర్ధభాగంలో రెండు కుంతకాలు, ఒక రదనిక, రెండు అగ్రచర్వణకాలు, మూడు చర్వణకాలు ఉంటాయి. ఆ మూడు చర్వణకాలలో మొదటిది ఆరేళ్లకు, రెండవది పన్నెండేళ్లకు కొంచెం అటూ ఇటూగా మొలుస్తాయి. మూడవదానికి మాత్రం అంత నిలకడ లేదు. ఒకరికి పదిహేడేళ్లకు, మరొకరికి పాతికేళ్లకు రావచ్చు. చిగురు కిందనే అడ్డంగా పడి ఉండిపోవచ్చు. నాలుగింటిలో రెండే రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. అంటే 'ముప్పైరెండు' అన్నది సగటు మనిషిని వర్ణించే సంఖ్య కన్నా శాస్త్రం నిర్దేశించిన నమూనా సంఖ్య అనడమే సరైనది.

ఈ దంతం గురించి సాధారణంగా అడిగే "ఎందుకు?" అన్న ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఒకటి, ఇది ఇంత ఆలస్యంగా ఎందుకు వస్తుంది? రెండు, వచ్చినప్పుడు దానికి చోటు ఎందుకు చాలదు? మూడు, కొందరిలో అది ఎందుకు ఏర్పడదు? ఈ మూడింటినీ కలిపి ఒకే కారణంతో ముడివేయడం వల్లనే ఈ విషయంపై పూర్వం చాలా అపోహలు ఏర్పడ్డాయి. వాటిని విడదీసి చూస్తే ప్రతి ప్రశ్నకూ వేరే చరిత్ర, వేరే సమాధానం కనిపిస్తాయి.

2. పేరు చెప్పే చరిత్ర

అరిస్టాటిల్ 'జంతువుల చరిత్ర' అనే గ్రంథం రెండవ భాగంలో ఈ దంతాలను ప్రస్తావించాడు. మనిషికి చివరగా వచ్చే ఈ చర్వణకాలు స్త్రీపురుషులిద్దరికీ ఇరవై ఏళ్ల ప్రాంతంలో వస్తాయని, ఎనభై ఏళ్లు దాటిన స్త్రీలకు కూడా జీవితం చివరి దశలో తీవ్రమైన నొప్పితో అవి మొలిచిన సందర్భాలు ఉన్నాయని ఆయన రాశాడు. ఆయన వాడిన గ్రీకు పదం 'క్రాంటెరెస్'; దంతవరుసను ముగించేవి, పూర్తిచేసేవి అని దాని భావం. అంటే ఆ పేరులో జ్ఞాన ప్రసక్తి లేదు. హిప్పోక్రటీసు సంప్రదాయంలో కనిపించే 'సోఫ్రోనిస్టెరెస్' అన్న మాటలో వివేకం, నిగ్రహం అనే అర్థాలు చేరాయి. లాటిన్‌లో 'దెంతెస్ సాపియెంతియే' అన్న పేరు స్థిరపడి, యూరపు భాషలకు వ్యాపించింది.

అరబ్బీ వైద్యంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఇబ్న్ సీనా తన 'కానూన్'లో 'నవాజిజ్' అనే ఈ దంతాలు సాధారణంగా యుక్తవయసు వచ్చిన తరువాత, శరీర పెరుగుదల నిలిచిపోయే ముప్పై ఏళ్ల ప్రాంతంలోపు వస్తాయని, అందుకే వాటిని వివేకపు దంతాలంటారని వివరించాడు. పారశీకంలో 'దందానె అక్ల్', హిందీ, ఉర్దూలలో 'అకల్ దాఢ్' అనే పేర్లు ఈ కోవకు చెందినవే. తెలుగులో 'జ్ఞానదంతం' అన్న మాట ఆధునిక వైద్య పరిభాషలో అనువాదంగా నిలదొక్కుకున్నది.

అయితే అన్ని భాషలూ జ్ఞానాన్నే పట్టుకోలేదు. తుర్కీ భాషలో దీనిని 'ఇరవై ఏళ్ల పన్ను' అంటారు. జపనీయులు 'ఒయాషిరాజు' అంటారు. తల్లిదండ్రులకు తెలియనిది అని దాని అర్థం. బిడ్డ పెద్దవాడై ఇల్లు విడిచే వయసులో మొలుస్తుంది కనుక తల్లిదండ్రులు చూడనిదని దానిని వివరిస్తారు. కొరియన్ భాషలో 'సరాంగ్ని', అంటే ప్రేమదంతం. ఈ పేర్లన్నింటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం స్పష్టమవుతుంది. ఏ సమాజమూ ఈ పన్నుకు దాని ఆకారాన్నిబట్టి గానీ, పనినిబట్టి గానీ వ్యవహార నామం పెట్టలేదు. అది వచ్చే వయసును బట్టి పెట్టింది. బాల్యం ముగిసిందనడానికి శరీరం ఇచ్చే గుర్తుగా దానిని చదువుకున్నది. వివేకం, ప్రేమ, ఇల్లు విడవడం అన్నవి ఆ వయసుకు ఆయా సమాజాలు ఆపాదించిన లక్షణాలు. దంతాన్ని వయసుకు కొలమానంగా చూసే ఈ అలవాటు పేర్లతో ఆగలేదని, న్యాయస్థానాల దాకా వచ్చిందని ముందు చూడబోతున్నాం.

3. సుశ్రుతుని పరిశీలన: వ్యాధిగా దంతం

భారతీయ వైద్య గ్రంథాలు ఈ విషయాన్ని వేరే కోణంలో చూశాయి. ఎముకల లెక్కలో చరక, సుశ్రుత సంహితలకు భేదం ఉన్నది. చరకుడు 360 అంటే, సుశ్రుతుడు 300 అన్నాడు. కానీ దంతాలు ముప్పైరెండు అన్న విషయంలో రెండూ ఏకీభవిస్తాయి. సుశ్రుత సంహిత నిదానస్థానంలోని ముఖరోగ ప్రకరణం మన చర్చకు ముఖ్యమైనది. అందులో రెండు వ్యాధులు ప్రత్యేకంగా గమనించదగినవి.

మొదటిది 'వర్ధనం'. వాతప్రకోపం వల్ల అదనంగా ఒక దంతం తీవ్రమైన వేదనతో పుడుతుందని, అది పుట్టిన తరువాత నొప్పి శమిస్తుందని దాని లక్షణం. రెండవది 'అధిమాంసకం'. దవడలో అన్నింటికన్నా వెనుక ఉన్న దంతం దగ్గర పెద్ద వాపు, తీవ్రమైన నొప్పి, లాలాజల స్రావం కలగడం దీని లక్షణాలు. ఇది కఫజన్యమని సుశ్రుతుడు చెప్పాడు. సగం మొలిచిన జ్ఞానదంతంపై చిగురు కప్పి ఉండి, ఆ సందులో ఆహారపు తునకలు చేరి వాచిపోయే స్థితిని నేటి దంతవైద్యులు నిత్యం చూస్తున్నారు. సుశ్రుతుని అధిమాంసక లక్షణాలు ఈ స్థితితో సరిపోతున్నందువల్ల ఆధునిక వ్యాఖ్యాతలు రెండింటినీ సమానంగా భావిస్తారు. 'వర్ధనం' విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. అది జ్ఞానదంతమే కావచ్చు, సంఖ్యకు మించి మొలిచే మరేదైనా దంతమూ కావచ్చు.

చికిత్సాస్థానంలో చెప్పిన విధానం కూడా గమనార్హం. అధిమాంసకంలో పెరిగిన చిగురుమాంసాన్ని ఛేదించి, తేనెతో కలిపిన ఔషధ చూర్ణాలను పూయాలని. అధికదంతాన్ని పెకలించి ఆ చోట అగ్నికర్మ చేయాలని సుశ్రుతుడు నిర్దేశించాడు. ఈ రెండింటి మధ్య ఆయన చూపిన తేడా ముఖ్యమైనది. చిగురు వాచినచోట చిగురుకే చికిత్స, పన్ను అదనమైనచోట పన్నును తీయడం. వెనుక పన్ను దగ్గర బాధ కలిగిన ప్రతిసారీ ఆ పన్నును పీకవలసిందేనని ఆయన చెప్పలేదు. పైగా గ్రీకు, అరబ్బీ సంప్రదాయాలలాగా ఈ దంతానికి వివేకాన్ని అంటగట్టకుండా, నోటిలో కనిపించిన లక్షణాలకే ఆయన పరిమితమయ్యాడు.

4. డార్విన్ వివరణ, దానిలోని చిక్కు

ఈ దంతాన్ని పరిణామ దృష్టితో చర్చించిన రచనలలో చార్లెస్ డార్విన్ 1871లో ప్రచురించిన 'మానవ అవతరణ' అత్యంత ప్రభావం చూపింది. మానవ శరీరంలోని అవశేషావయవాలను చర్చిస్తూ ఆయన జ్ఞానదంతాలను ప్రస్తావించాడు. నాగరిక జాతులలో ఇవి అవశేషాలుగా మారే దిశలో ఉన్నాయని, మిగతా చర్వణకాల కన్నా చిన్నవని, త్వరగా పుచ్చిపోతాయని, నిర్మాణంలోనూ మొలిచే కాలంలోనూ ఎక్కువ భేదాలు చూపుతాయని రాశాడు. నల్లని చర్మం గల జాతులలో ఇవి మూడు వేర్లతో, దృఢంగా ఉంటాయని కూడా చెప్పాడు. జర్మన్ శాస్త్రజ్ఞుడు షాఫ్‌హౌజెన్ నాగరిక జాతులలో దవడ వెనుక భాగం కురచ కావడమే ఇందుకు కారణమన్నాడు. నాగరికులు మెత్తగా వండిన ఆహారం తిని దవడలను తక్కువగా వాడడం వల్ల ఆ కురచతనం ఏర్పడి ఉండవచ్చని డార్విన్ దానికి జోడించాడు.

ఈ వాదంలో రెండు భాగాలున్నాయి. ఆహారానికి, దవడ పరిమాణానికి సంబంధం ఉందన్నది మొదటిది. ఇది తరువాతి కాలపు ప్రయోగాల వల్ల బలపడింది. దంత స్థితిని బట్టి మానవ సమూహాలను నాగరికత మెట్లపై అమర్చవచ్చన్నది రెండవది. ఇది ఆనాటి జాతి సిద్ధాంతాల నీడలో పుట్టిన భావన. మొదటిది నిజమైనంత మాత్రాన రెండవది నిజం కాదు. కానీ ఈ రెండూ ఒకే పేరాలో కలిసి ఉన్నందువల్ల, దాదాపు వందేళ్లపాటు ఒకదాని బలంతో మరొకటి బతికింది.

యాంత్రికతలోనూ చిక్కు ఉన్నది. వాడకపోవడం వల్ల కుదించుకుపోయిన అవయవం ఆ కుదింపును సంతానానికి అందిస్తుందన్న భావనకు డార్విన్ తన రచనల్లో చోటిచ్చాడు. పందొమ్మిదవ శతాబ్దం చివర ఆగస్ట్ వైస్మన్ దీనిని ఖండించాడు. జీవితకాలంలో శరీరం పొందిన మార్పులు బీజకణాలకు చేరవన్నాడు. అప్పుడు పళ్లు తరతరాలుగా ఎలా తగ్గాయన్న ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది. 1963లో అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు సి. లోరింగ్ బ్రేస్ ఒక సమాధానం ఇచ్చాడు. అవసరం తగ్గిన అవయవంపై ప్రకృతివరణపు ఒత్తిడి సడలుతుందని, యాదృచ్ఛిక ఉత్పరివర్తనలు పేరుకుపోయి ఆ నిర్మాణం సహజంగానే తగ్గుముఖం పడుతుందని అన్నాడు. 1988లో జేమ్స్ కాల్కాగ్నో, క్యాథ్లీన్ గిబ్సన్ దీనిని ప్రశ్నించారు. చిన్న దవడలో పెద్ద పళ్లు ఇరుక్కుంటే వ్యాధులు సంక్రమిస్తాయి. సూక్ష్మజీవనాశకాలు లేని కాలంలో అటువంటి సంక్రమణ ప్రాణాంతకం. కనుక చిన్న పళ్లకు ప్రకృతివరణమే నేరుగా అనుకూలించి ఉంటుందని వారు వాదించారు. సుశ్రుతుడు వర్ణించిన అధిమాంసకం ఈ వాదానికి మంచి ఉదాహరణ. నేడు కొన్ని రోజుల మందులతో తగ్గే ఆ వాపు, పూర్వం గొంతు లోపలికి పాకి ప్రాణం తీయగలిగేది.

5. శిలాజాల సాక్ష్యం

జ్ఞానదంతం లేకపోవడం నాగరికత తెచ్చిన మార్పు అయితే, ప్రాచీన మానవులందరికీ అది ఉండాలి. సాక్ష్యం ఇలా లేదు. 1963లో చైనాలోని లాంటియన్ ప్రాంతంలో హోమో ఎరెక్టస్‌కు చెందిన ఒక కింది దవడ దొరికింది. అది కనీసం అయిదు లక్షల ఏళ్ల నాటిది. ఆ దవడలో మూడవ చర్వణకాలు రెండు వైపులా పుట్టుకతోనే లేవు. వ్యవసాయానికి, కుండలో వండిన అన్నానికి, నగర జీవనానికి లక్షల ఏళ్ల ముందే ఈ లోపం ఉన్నదన్నమాట.

దంతం ఇరుక్కుపోవడం విషయంలోనూ ఇదే జరిగింది. ఫ్రాన్సులోని కాప్ బ్లాంక్ రాతి గుహాశ్రయంలో 1911లో బయటపడిన అస్థిపంజరం తరువాత చికాగోలోని ఫీల్డ్ మ్యూజియానికి చేరింది. దాని వయసు 13,000 నుంచి 15,000 ఏళ్లు. జ్ఞానదంతాలు మొలవలేదు కనుక అది కౌమారంలో ఉన్న బాలికదని చాలాకాలం భావించారు. 'మాగ్దలేనియన్ బాలిక' అన్న పేరు అలా వచ్చింది. ఎక్స్‌రే పరీక్షలు, ఇతర ఎముకల పరిశీలన జరిగిన తరువాత ఆమె వయసు 25 నుంచి 35 మధ్య ఉంటుందని, జ్ఞానదంతాలు దవడలో ఇరుక్కుపోయాయని తేలింది. వేటాడి, సేకరించి జీవించిన సమాజంలోనూ దంతం ఇరుక్కోవడం ఉన్నదనడానికి ఇది నిదర్శనం. అంతకుమించి, జ్ఞానదంతాన్ని ఒక్కదాన్నే నమ్మితే వయోజన స్త్రీ బాలిక కాగలదనడానికి కూడా ఇది నిదర్శనం.

మానవేతర జంతువుల్లోనూ ఈ దంతం అదృశ్యమైంది. దక్షిణ అమెరికా కోతులకు సాధారణంగా ముప్పైఆరు పళ్లుంటాయి. వాటిలో అతి చిన్నవైన మార్మోసెట్లు, టామరిన్లు మూడవ చర్వణకాన్ని పూర్తిగా కోల్పోయాయి. ఫలితంగా వాటికీ మనలాగే ముప్పైరెండు పళ్లు, కానీ అమరిక వేరు. ఆ కోతులు వంట నేర్వలేదు, నాగరికతా నేర్వలేదు. శరీరం చిన్నదయ్యే పరిణామంలో చివరి దంతం జారిపోయింది.

చివరి దంతమే ఎందుకు జారిపోతుందన్నదానికి పిండవిజ్ఞానం సమాధానం చూపుతున్నది. చర్వణకాలు ముందునుంచి వెనక్కి ఒకదాని తరువాత ఒకటి ఏర్పడతాయి. 2007లో క్యాథరిన్ కావనా, అలిస్టైర్ ఎవాన్స్, యుక్కా యెర్న్‌వాల్ ఎలుక దంతబీజాలను ప్రయోగశాలలో పెంచి చూశారు. ముందు దంతం నుంచి వెనుక భాగాన్ని వేరుచేసినప్పుడు వెనుక దంతం త్వరగా, పెద్దదిగా పెరిగింది. అంటే ముందు పుట్టిన దంతం వెనుక పుట్టేదాన్ని అదుపు చేస్తున్నది. ఈ నిరోధం కొంచెం పెరిగితే దాని ప్రభావం చివరి దంతంపైనే ఎక్కువగా పడుతుంది. 2016లో ఎవాన్స్ బృందం ఈ సూత్రాన్ని మానవ పూర్వీకులకు అన్వయించింది. ఆస్ట్రలోపితెకస్ వర్గంలో చర్వణకాలు వెనక్కి వెళ్లేకొద్దీ పెద్దవవుతాయి. హోమో వర్గంలో మొత్తం పళ్ల పరిమాణం తగ్గేకొద్దీ వెనుక పళ్లు మరింతగా తగ్గాయి. జ్ఞానదంతం కుదింపు, కొందరిలో అది లేకపోవడం ఈ దీర్ఘకాలిక ధోరణిలో భాగం. 2015లో కార్టర్, వర్దింగ్టన్ అనేక దేశాల అధ్యయనాలను క్రోడీకరించి, ప్రపంచవ్యాప్తంగా సుమారు 22 శాతం మందిలో కనీసం ఒక జ్ఞానదంతమైనా ఏర్పడదని లెక్కగట్టారు. అయిదుగురిలో ఒకరికి పైగా ఉన్న లక్షణాన్ని లోపమనడం కన్నా వైవిధ్యమనడం సముచితం.

6. ఆలస్యానికి కారణం

పుట్టినప్పుడు జ్ఞానదంతం జాడ దవడలో కనిపించదు. మొదటి చర్వణకం జనన సమయానికే గట్టిపడడం మొదలుపెడితే, మూడవది ఏడు నుంచి పదేళ్ల మధ్య ఆ దశకు చేరుతుంది. కిరీటం పన్నెండు నుంచి పదహారేళ్లకు, వేర్లు పద్ధెనిమిది నుంచి పాతికేళ్లకు పూర్తవుతాయి. చింపాంజీకి ఇదే దంతం దాదాపు పదకొండు, పన్నెండేళ్లకే వస్తుంది. ఈ తేడా ఎక్కడిది?

1989లో బి. హోలీ స్మిత్ వివిధ ప్రైమేట్ జాతులలో దంతాలు మొలిచే కాలాన్ని మెదడు పరిమాణంతో పోల్చి, రెండింటికీ బలమైన సంబంధం ఉందని చూపింది. మెదడు పెద్దదైన జాతులలో బాల్యం దీర్ఘం, దంతాలు ఆలస్యం. 2021లో హాల్‌స్కా గ్లోవాట్స్కా, గ్యారీ ష్వార్ట్జ్ 21 ప్రైమేట్ జాతుల పుర్రెలను పరిశీలించి యాంత్రిక కారణాన్ని వివరించారు. నమిలేటప్పుడు కండరాల బలం దవడ కీలుకు హాని చేయకుండా దంతాలపై పడాలంటే, దంతం ఒక నిర్దిష్ట ప్రదేశంలోనే ఉండాలి. దవడ పెరిగి, ఆ సురక్షిత ప్రదేశం వెనక్కి విస్తరించినప్పుడే తరువాతి చర్వణకం మొలుస్తుంది. మనిషి దవడ నెమ్మదిగా పెరుగుతుంది, ముఖం కురచది. కనుక మూడవ దంతం పద్ధెనిమిదేళ్లదాకా వేచి ఉండవలసి వస్తుంది.

ఈ వివరణ పాత పేరుకు ఒక అనుకోని సమర్థన ఇస్తున్నది. దంతం వివేకాన్ని తేలేదు. కానీ దీర్ఘమైన బాల్యం, పెద్ద మెదడు, నెమ్మదిగా సాగే నేర్పు ఏ జీవనక్రమంలో భాగమో ఈ ఆలస్యమూ ఆ క్రమంలోనిదే.

7. చోటు చాలకపోవడం

రెండవ ప్రశ్నకు సమాధానం జన్యువుల కన్నా జీవన విధానంలో ఎక్కువగా ఉన్నది. పళ్ల పరిమాణం ప్రధానంగా ఆనువంశికంగా నిర్ణయమవుతుంది. ఒకసారి కిరీటం ఏర్పడ్డాక అది పెరగదు. దవడ ఎముక అలా కాదు. నమిలే ఒత్తిడికి స్పందిస్తూ పెరుగుతుంది. 2004లో డేనియల్ లీబర్మన్ బృందం హైరాక్స్ అనే చిన్న జంతువులలో కొన్నిటికి పచ్చి ఆహారం, కొన్నిటికి వండిన ఆహారం పెట్టి పెంచింది. మెత్తని ఆహారం తిన్నవాటి ముఖంలో కింది, వెనుక భాగాల పెరుగుదల సుమారు 10 శాతం తగ్గింది. 2011లో నోరీన్ వాన్ క్రామన్-టౌబాడెల్ 11 మానవ సమూహాల పుర్రెలను పోల్చి, వేట-సేకరణపై జీవించిన సమూహాల కింది దవడలు పొడవుగా, వ్యవసాయ సమూహాలవి కురచగా ఉన్నాయని చూపింది.

భారతదేశంలో జరిగిన పరిశీలన కూడా ఉన్నది. అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు రాబర్ట్ కొరుచిని భారతీయ సహచరులతో కలిసి 1980వ దశకంలో చండీగఢ్ పరిసరాల గ్రామీణ, నగర పంజాబీ యువత పళ్ల అమరికను పరిశీలించాడు. జన్యుపరంగా ఒకే సమూహానికి చెందినవారైనా నగర యువతలో దంతాల అమరిక లోపాలు ఎక్కువగా కనిపించాయి. ఒకటి రెండు తరాల్లో వచ్చిన ఈ తేడాను జాతితో గానీ, ఉత్పరివర్తనలతో గానీ వివరించలేం. పిల్లలు ఏమి నములుతూ పెరిగారన్నదే మిగులుతుంది. డార్విన్ చెప్పిన మెత్తని ఆహారం ఇక్కడ నిజమైంది. కానీ అది తరతరాలకు సంక్రమించే క్షీణతగా కాదు, ప్రతి తరంలోనూ బాల్యంలో కొత్తగా జరిగే మార్పుగా నిజమైంది.

అరుగుదల మరొక అంశం. ఆస్ట్రేలియా దంతవైద్యుడు పి. ఆర్. బెగ్ 1954లో ఆ దేశపు ఆదివాసుల పళ్లను చర్చిస్తూ, గరుకైన ఆహారం వల్ల పక్కపక్క పళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని అరిగి, వెనుక దంతానికి చోటు ఏర్పడేదని వాదించాడు. తరువాతి కొలతలు బెగ్ అంచనా వేసినంత అరుగుదలను చూపకపోయినా, అరుగుదల కొంత చోటు ఇచ్చేదన్న మౌలిక విషయం నిలిచింది.

చోటు చాలదన్న కారణంతో, బాధ లేకపోయినా ముందుజాగ్రత్తగా ఈ దంతాలను తీసివేయడం ఇరవయ్యవ శతాబ్దంలో కొన్ని దేశాల్లో ఆనవాయితీగా మారింది. 2000లో బ్రిటన్‌లోని జాతీయ వైద్య మార్గదర్శక సంస్థ నైస్, వ్యాధి లేని ఇరుకుదంతాలకు శస్త్రచికిత్స చేయరాదని ఆదేశించింది. అమెరికా ప్రజారోగ్య సంఘం 2008లో ఇదే అభిప్రాయాన్ని ప్రకటించింది. 'పనికిరాని అవశేషం' అన్న పందొమ్మిదవ శతాబ్దపు ముద్ర ఒక దంతాన్ని వ్యాధి లేకుండానే తొలగించదగినదిగా ఎలా మార్చగలదో ఈ వివాదం చూపుతుంది.

8. ప్రమాణంగా దంతం: వయోనిర్ణయం

1833లో బ్రిటన్ ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్లలోపు పిల్లలను బట్టల మిల్లులలో పనికి పెట్టడాన్ని నిషేధించి, పదమూడేళ్లలోపువారి పనిగంటలను పరిమితం చేసింది. జనన నమోదు లేని కాలంలో పిల్లల వయసు తేల్చడమెలా? ఎత్తును కొలిచేవారు. దంతవైద్యుడు ఎడ్విన్ సాండర్స్ వెయ్యిమందికి పైగా పిల్లలను పరీక్షించి, ఎత్తు కన్నా దంతాలే నమ్మదగిన ప్రమాణమని 1837లో ప్రకటించాడు. పేద పిల్లల రక్షణకు దంతం సాక్షిగా నిలిచిన తొలి ఘట్టాలలో ఇది ఒకటి.

తొమ్మిది, పదమూడు ఏళ్ల విషయంలో దంతాలు బాగా ఉపకరించాయి. నేటి చట్టాలు కోరే వయసు పద్ధెనిమిది. ఆ వయసులో ఇంకా ఎదుగుతూ ఉండే దంతం జ్ఞానదంతం ఒక్కటే. మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం 94వ విభాగం ప్రకారం మొదట పాఠశాల ధ్రువపత్రం, అది లేకుంటే పురపాలక సంఘం లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూడాలి. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష లేదా ఇతర ఆధునిక వైద్యపరీక్ష జరపాలి. అంటే వైద్యపరీక్ష దాకా వచ్చేది బడికి వెళ్లని, పుట్టుక నమోదు కాని పిల్లలే. వలస కూలీల బిడ్డలు, ఇటుక బట్టీలలో పెరిగినవారు, ఇల్లు విడిచినవారు ఈ కోవలో ఉంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ న్యాయస్థానాలకూ ఇదే చట్టం వర్తిస్తుంది.

ఇక్కడ పై చరిత్ర అంతా ఒకచోటికి చేరుతుంది. దాదాపు 22 శాతం మందిలో కనీసం ఒక జ్ఞానదంతం ఏర్పడదు. కొందరిలో ఏర్పడి ఇరుక్కుంటుంది. మొలిచే కాలం ఎనిమిదేళ్ల వ్యవధిలో ఎక్కడైనా ఉండవచ్చు. దవడలో చోటు ఉంటే ముందుగా, లేకుంటే ఆలస్యంగా మొలుస్తుంది. ఆ చోటు బాల్యంలో తిన్న తిండిని బట్టి మారుతుంది. కనుక పన్ను మొలిచిందా లేదా అన్నది పద్ధెనిమిదేళ్లకు ప్రమాణం కాజాలదు. ఎక్స్‌రేలో వేర్ల ఎదుగుదలను చూడడం ఇంతకన్నా మేలు. 1993లో మిన్సర్, హ్యారిస్, బెరీమన్ ప్రధానంగా శ్వేతజాతి అమెరికన్లపై జరిపిన అధ్యయనంలో, వేర్ల కొనలు పూర్తిగా మూసుకున్నవారు పద్ధెనిమిది దాటి ఉండే సంభావ్యత దాదాపు 90 శాతమని తేలింది. ఆ సంఖ్యను తిరగేసి చదివితే, అటువంటి పదిమందిలో ఒకరు ఇంకా మైనరు కావచ్చు. ఎక్స్‌రే ఆధారిత వయోనిర్ణయంలో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉండగలదని మన సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసులో గుర్తించింది. పదహారేళ్ల బాలుడు పద్ధెనిమిదేళ్లవాడిగా లెక్కకు రావడానికి ఆ రెండేళ్లు చాలు.

9. ముగింపు

జ్ఞానదంతం ఎందుకు మొలుస్తుందన్న ప్రశ్నకు నేటి శాస్త్రం ఇచ్చే సమాధానాన్ని ఇలా క్రోడీకరించవచ్చు. మన పూర్వీకుల దవడలో పూర్తిగా పనిచేసిన మూడవ చర్వణకానికి ఇది వారసత్వం. మానవ జీవనక్రమం, ముఖ నిర్మాణం నెమ్మదించినందున ఆలస్యంగా వస్తుంది. బాల్యపు ఆహారం మెత్తబడినందున చోటు చాలడం లేదు. ముందు దంతాల నిరోధం, జన్యు వైవిధ్యం వల్ల కొందరిలో ఏర్పడదు. ఈ మూడూ వేర్వేరు కాలప్రమాణాలలో జరిగే ప్రక్రియలు. మొదటిది లక్షల ఏళ్లలో, రెండవది ఒక్క బాల్యంలో, మూడవది అయిదు లక్షల ఏళ్ల క్రితమే ఉండి నేటికీ కొనసాగుతున్నది. వీటిని కలిపి 'నాగరికత వల్ల క్షీణత' అన్న ఒకే మాటలో చెప్పడం శాస్త్రీయం కాదు.

ఈ చరిత్రలో తరచూ కనిపించే దోషం ఒకటే. శరీరంలోని ఒక గుర్తును చూసి మనిషి స్థాయిని నిర్ణయించాలనే తొందర. పందొమ్మిదవ శతాబ్దంలో అది జాతుల స్థాయి. నేడు వ్యక్తి వయసు. కాప్ బ్లాంక్ స్త్రీని బాలికగా భావించడం వల్ల ఆమెకు నష్టం లేదు, మ్యూజియం ఫలకం మార్చితే సరిపోతుంది. బాలుడిని వయోజనుడిగా భావిస్తే అతడు పెద్దల జైలుకు వెళ్తాడు. కనుక జ్ఞానదంతాన్ని వయోనిర్ణయంలో సహాయక సాక్ష్యంగా మాత్రమే స్వీకరించడం, సందేహం ఉన్నచోట తక్కువ వయసు వైపు మొగ్గడం న్యాయం. అంతకన్నా ముందు, ప్రతి బిడ్డ పుట్టుకా పంచాయతీ పుస్తకంలో నమోదైతే ఆ సాక్ష్యం అవసరమే రాదు. తెలుగు రాష్ట్రాల ఆహారపుటలవాట్లు, యువత దవడ పరిమాణం, జ్ఞానదంతాల స్థితిపై దంతవైద్య, మానవశాస్త్ర విభాగాలు కలిసి ప్రాంతీయ ప్రమాణాలను రూపొందించడం పరిశోధకుల ముందున్న పని.